చేతుల ఎగ్జిమా వదలనప్పుడు: ఇంటి సంరక్షణ, ఆహారం

చేతులపై వచ్చిన ఎగ్జిమా మూడు నెలలు దాటినా తగ్గకపోతే, లేదా ఒకే ఏడాదిలో రెండుసార్లు గాని అంతకు మించి గాని తిరగబెడితే, దానిని దీర్ఘకాలిక ఎగ్జిమాగా లెక్కిస్తారు. ఇంతకాలం బాధపడినవారి ఇంట్లో సగం వాడి వదిలేసిన ట్యూబులు, నూనెలు, లేపనాలు చాలానే పోగుపడి ఉంటాయి. వాటికి మరొకటి చేర్చే ముందు చేతులకు రోజూ ఏమేమి తగులుతున్నాయో గమనించి, తగ్గించగలిగినవి తగ్గించుకోవడం వల్ల ఎక్కువ మేలు జరుగుతుంది. అందుకే ఇక్కడ ముందుగా మానుకోవలసిన వాటి గురించి, తరువాత పూయవలసిన వాటి గురించి, చివరగా ఆహారం గురించి చెబుతున్నాను. ఆహార మార్పుల వల్ల స్పష్టమైన తేడా కనిపించేది కొద్దిమందికే కాబట్టి దానిని చివర ఉంచాను.

అది ఎగ్జిమాయేనా?

చేతులపై దురద, పొలుసులు, ఎరుపు కనిపించినంత మాత్రాన అది ఎగ్జిమా అనుకోరాదు. ఒక్క చేతికే పొలుసులు వచ్చి, పాదాలలో కూడా అలాంటి మచ్చలే ఉంటే ఫంగస్ వల్ల వచ్చే తామరను అనుమానించాలి. వేళ్ల సందుల్లో చిన్న గుల్లలు లేచి, రాత్రివేళ దురద పెరిగి, ఇంట్లో మరొకరికి కూడా దురద మొదలైతే గజ్జి కావచ్చు. మందంగా, అంచులు స్పష్టంగా ఉన్న మచ్చలు మోచేతులు, మోకాళ్లు, తలపై కూడా ఉంటే సోరియాసిస్ కావచ్చు. ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే, ఎగ్జిమాకు వాడే స్టెరాయిడ్ పూతను (మంటను, దురదను అణిచే మందును) తామరపై రాస్తే కొన్నాళ్లు దురద తగ్గినట్టే ఉండి, లోలోపల ఫంగస్ మరింత విస్తరిస్తుంది. చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూసే చిన్న పరీక్షతో ఈ సందేహం తీరుతుంది.

ఎగ్జిమా అని తేలిన తరువాత కూడా దాని మూలం అందరిలో ఒకటి కాదు. అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది నీరు, సబ్బు, డిటర్జెంట్, ద్రావకాల వంటివి పదేపదే తగిలి చర్మం దెబ్బతినడం వల్ల వచ్చే రకం. రెండవది నికెల్, సువాసన ద్రవ్యాలు, రబ్బరులోని రసాయనాలు, సిమెంటులోని క్రోమేట్, జుట్టు రంగు వంటి వాటికి అలర్జీ వల్ల వస్తుంది. మూడవది చిన్నతనం నుంచే పొడి చర్మం, ఆస్తమా, తుమ్ములు ఉన్నవారిలో కనిపిస్తుంది. ఇవి కాక అరచేతుల్లో, వేళ్ల పక్కల సగ్గుబియ్యపు గింజల్లాంటి నీటి పొక్కులు లేచే పాంఫాలిక్స్ అనే రూపం కూడా ఉంది. ఒకే మనిషిలో రెండు మూడు కారణాలు కలిసి ఉండడం చాలా సాధారణం.

నీరు, సబ్బు

ఆరోగ్యవంతమైన చర్మం స్వల్పంగా ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ లెక్కలో అది సుమారు 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బులు క్షార గుణం కలవి, వాటి పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. అలాంటి సబ్బు తగిలిన ప్రతిసారీ చర్మపు పైపొరలోని కొవ్వు పదార్థాలు కొంత కరిగిపోతాయి, నీటిని నిలుపుకునే శక్తి తగ్గుతుంది. రోజులో రెండు గంటలకు పైగా చేతులు తడిలో ఉండే పని, లేదా ఇరవైసార్లకు మించి చేతులు కడగవలసిన పని చేసేవారికి ఈ ప్రమాదం ఎక్కువని వృత్తిపరమైన ఆరోగ్య నిపుణులు భావిస్తారు. నర్సులు, క్షౌరశాలల్లో పనిచేసేవారు, వంటవారు, శుభ్రపరిచే పని చేసేవారు, పసిపిల్లలను చూసుకునే తల్లులు ఈ కోవలోకి వస్తారు.

చేతులు కడగడం మానమని ఎవరూ చెప్పలేరు గాని, కడిగే తీరు మార్చుకోవచ్చు. వేడి నీటికి బదులు గోరువెచ్చని నీరు వాడాలి. నురగ ఎక్కువగా వచ్చే సబ్బుకు బదులు సువాసన కలపని, సబ్బు రహిత క్లెన్సర్‌ను ఎంచుకోవాలి. ఉంగరాల కింద సబ్బు, తేమ చిక్కుకొని అక్కడే ఎగ్జిమా మొదలవడం తరచుగా జరుగుతుంది కాబట్టి కడిగే ముందు ఉంగరాలు తీసేయాలి. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకొని, వేళ్ల సందులు కూడా ఆరేలా చూసుకోవాలి. చేతులకు మురికి లేనప్పుడు, క్రిములను తొలగించడం మాత్రమే అవసరమైనప్పుడు, పగుళ్లు లేని చర్మంపై ఆల్కహాల్ శానిటైజర్ సబ్బుకన్నా తక్కువ హాని చేస్తుంది. పగుళ్లున్న చేతులపై అది మండుతుంది కాబట్టి దానిని అలర్జీగా పొరబడేవారు ఎక్కువ. తడి తుడుపు కాగితాలతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అవి చెడిపోకుండా కలిపే నిల్వ రసాయనాలకు, ముఖ్యంగా మిథైల్‌ఐసోథయజొలినోన్‌కు, అలర్జీ పడేవారు గణనీయంగా ఉన్నారు.

చేతి తొడుగులు మేలూ చేస్తాయి, కీడూ చేస్తాయి. లేటెక్స్‌కు బదులు వినైల్ లేదా నైట్రైల్ తొడుగులు వాడుతూ, వాటి లోపల పలుచని నూలు తొడుగులు ధరించాలి. ఒక విడతకు పదిహేను ఇరవై నిమిషాలకు మించి ఉంచుకోకూడదు, ఎందుకంటే లోపల పట్టే చెమట కూడా తడి పనితో సమానమే. నూలు తొడుగు తడిసిందంటే వెంటనే మార్చాలి. నైట్రైల్ తొడుగుల తయారీలో కూడా రబ్బరు రసాయనాలు వాడతారు కాబట్టి, తొడుగు అంచు ఉండే మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఎరుపు వస్తే ఆ దిశగా ఆలోచించాలి.

తేమ నిలిపే పూతలు

ఇంటి సంరక్షణలో దీనికి మించినది లేదు. ఎంపికలో సూత్రం తేలిక: నీరు ఎంత తక్కువ ఉంటే చర్మానికి రక్షణ అంత ఎక్కువ. లోషన్‌లో నీరు ఎక్కువ, క్రీములో కొంత తక్కువ, ఆయింట్‌మెంట్‌లో దాదాపు ఉండదు. సువాసన లేని పెట్రోలియం జెల్లీ చవకైనది, నిల్వ రసాయనాలు అవసరం లేనిది, అలర్జీ అరుదుగా కలిగించేది. జిడ్డుగా ఉంటుందన్నదే దానిపై ఉన్న ఫిర్యాదు. అందుచేత పగలు పని మధ్య క్రీము, రాత్రి జెల్లీ వాడుకోవడం ఆచరణలో సాధ్యమైన మార్గం. సెరమైడ్ (చర్మంలో సహజంగా ఉండే ఒక కొవ్వు పదార్థం), గ్లిజరిన్ ఉన్న క్రీములు పగటికి బాగుంటాయి. డబ్బాపై వాసన లేనిదని రాసి ఉన్నంత మాత్రాన సువాసన ద్రవ్యాలు లేవని అర్థం కాదు. మూల పదార్థాల వాసనను కప్పిపుచ్చడానికి వాటిని కలిపే వీలుంది, కనుక పదార్థాల జాబితా చదవాలి.

చేతులు కడిగిన ప్రతిసారీ, చర్మంలో తేమ ఇంకా మిగిలి ఉండగానే పూత రాయాలి. వేళ్ల సందులు, గోళ్ల చుట్టూ, మణికట్టు మరచిపోకూడదు. రాత్రి పడుకునే ముందు చేతులను పదిహేను నిమిషాలు గోరువెచ్చని మంచినీటిలో ఉంచి, అద్దుకొని, వెంటనే జెల్లీ మందంగా రాసి నూలు తొడుగులు వేసుకొని నిద్రపోతే పగుళ్లు చాలావరకు మెత్తబడతాయి. డబ్బాలో నుంచి తీసేటప్పుడు వేళ్లు ముంచకుండా శుభ్రమైన చెంచా వాడితే క్రిములు చేరవు. ఒక హెచ్చరిక కూడా ఉంది: జెల్లీ వంటి పూతలు ఇంకిన గుడ్డలు, తొడుగులు నిప్పు తగిలితే చాలా వేగంగా మండుతాయి, కాబట్టి వాటితో పొయ్యి దగ్గరకు వెళ్లకూడదు.

చర్మం పైకి మానినట్టు కనిపించిన రోజునే పూత ఆపేయడం వల్లనే చాలామందిలో జబ్బు మళ్లీ మొదలవుతుంది. దెబ్బతిన్న చర్మానికి రక్షణ శక్తి పూర్తిగా తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. నయమైన తరువాత కూడా పూతను, తడి పనిలో జాగ్రత్తలను అంతకాలం కొనసాగించాలి.

ఇంటి చిట్కాల మంచి చెడ్డలు

కొబ్బరి నూనె వాడవచ్చు. ఎగ్జిమా ఉన్న పిల్లలపై జరిగిన పరీక్షల్లో శుద్ధమైన కొబ్బరి నూనె మేలు చేసింది. అయితే లోతైన పగుళ్లున్న చేతులకు అది ఒక్కటే సరిపోదు. ఆలివ్ నూనె, ఆవ నూనె సహజమైనవే అయినా చర్మపు రక్షణ పొరను బలహీనపరుస్తాయని పరిశోధనల్లో తేలింది కాబట్టి వాటిని మానాలి. మెత్తగా పొడి చేసిన ఓట్స్‌ను గోరువెచ్చని నీటిలో కలిపి పది పదిహేను నిమిషాలు చేతులు ఉంచితే దురద నెమ్మదిస్తుంది. దురద పెరిగి పొక్కులు కారుతున్నప్పుడు చల్లని తడి గుడ్డను కాసేపు కప్పి ఉంచడం నిరపాయమైన ఉపశమనం. కలబంద గుజ్జు కొందరికి చల్లదనాన్నిస్తుంది, కొందరికి మంట పుట్టిస్తుంది. కొత్తది ఏదైనా మోచేతి లోపలి వైపు కొద్దిచోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూసిన తరువాతే చేతులకు వాడాలి.

నిమ్మరసం, వెనిగర్, వెల్లుల్లి ముద్ద, వంట సోడా, ఉప్పు కలిపిన వేడినీరు మాత్రం చేతుల ఎగ్జిమాకు చేటు చేసేవే. వెల్లుల్లి చర్మాన్ని కాల్చడమే కాక అలర్జీని కూడా కలిగిస్తుంది. వంటవారిలో కత్తి పట్టని చేతి బొటన, చూపుడు, మధ్య వేళ్ల కొనలు మాత్రమే పగిలి ఉంటే వెల్లుల్లినే మొదట అనుమానిస్తారు. టీ ట్రీ ఆయిల్ గాలి తగిలి పాతబడేకొద్దీ అలర్జీ కలిగించే గుణం పెరుగుతుంది. పసుపు వల్ల కూడా కొందరికి అలర్జీ వస్తుంది. పేరు, పదార్థాల జాబితా లేని మూలికా క్రీము రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేసిందంటే సంతోషించడానికి ముందు అందులో చెప్పకుండా స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి; అలాంటివి ప్రయోగశాలల పరీక్షల్లో పలుమార్లు బయటపడ్డాయి.

వైద్యుడు స్టెరాయిడ్ పూత రాసిచ్చినప్పుడు భయంతో మానేయడం కూడా మంచిది కాదు. మంట చల్లారకుండా తేమ పూత ఒక్కదానితో నెట్టుకురావడం కష్టం. పెద్దవారి చూపుడు వేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండిన మందు సుమారు అర గ్రాము ఉంటుంది. అది ఒక చేతికి ముందు వెనుకలకు సరిపోతుంది. ఎంత శక్తి గల మందు, ఎన్నాళ్లు అన్నది వైద్యుడు చెప్పినట్టే పాటించాలి.

ఆహారం

ఏ ఒక్క ఆహారమూ చేతుల ఎగ్జిమాను నయం చేయదు. ఎక్కువ నీరు తాగితే పొడి చర్మం మెత్తబడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే పూల మొక్క గింజల నూనె గుళికలపై ఎన్నో పరీక్షలు జరిగినా ఎగ్జిమాకు ప్రయోజనం కనిపించలేదు. పాలు, గుడ్లు, గోధుమలు అన్నీ ఒకేసారి మానేయడం వల్ల బలహీనత వస్తుందే తప్ప చేతులు మానవు; పిల్లలు, గర్భిణులు అలా చేయడం మరీ ప్రమాదం. తిన్న తరువాత ప్రతిసారీ, కొన్ని గంటల్లోనే, అదే పదార్థంతో దురద పెరుగుతుంటే రెండు మూడు వారాలు రాసుకొని ఆ వివరాలను వైద్యుడికి చూపాలి. కొందరికి పచ్చి చేపలు, మాంసం, కూరగాయలు తినడం వల్ల కాక, వాటిని చేత్తో తాకడం వల్లనే ఎగ్జిమా వస్తుంది. వారు మానవలసింది తినడం కాదు, ఒట్టి చేతులతో కోయడం.

ఆహారం నిజంగా లెక్కలోకి వచ్చేది నికెల్ అలర్జీ ఉన్నవారిలో. చవక ఆభరణాలు, గడియారపు పట్టీ, బెల్టు బకిల్ తగిలిన చోట దద్దుర్లు వచ్చిన చరిత్ర ఉండి, అరచేతుల్లో నీటి పొక్కులు పదేపదే లేస్తుంటే తిండిలోని నికెల్ కారణమయ్యే అవకాశం ఉంది. కోకో, చాక్లెట్, గింజపప్పులు, సోయా, పప్పుధాన్యాలు, ఓట్స్, ముడి ధాన్యాలు, డబ్బాల్లో నిల్వ చేసిన ఆహారం నికెల్ ఎక్కువగా ఉండేవి. ఓట్స్ నీరు చేతులకు ఉపశమనమిచ్చినా, ఓట్స్ తినడం ఇలాంటివారికి పడకపోవచ్చు. పరీక్షలో నికెల్ అలర్జీ నిర్ధారణ అయిన తరువాతే ఈ ఆహారాలను నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించి చూడాలి. తేడా కనిపిస్తే ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకుంటూ ఏది పడడం లేదో తేల్చుకోవాలి. తేడా లేకపోతే మామూలు భోజనానికి వచ్చేయాలి. పప్పులు, ముడి ధాన్యాలు ఆరోగ్యానికి అవసరమైనవి కనుక ఊరికే దూరం చేసుకోరాదు. శరీరంలో ఇనుము తక్కువగా ఉంటే పేగులు నికెల్‌ను ఎక్కువగా గ్రహిస్తాయి, భోజనంతో పాటు విటమిన్ సి ఉంటే తక్కువగా గ్రహిస్తాయి. కాబట్టి రక్తహీనత ఉంటే దానికి చికిత్స చేయించుకోవడం ఇక్కడ కూడా పనికొస్తుంది. పుల్లని వంటకాలు స్టీలు పాత్రల్లో ఎక్కువసేపు ఉడికితే కొంత నికెల్ దిగుతుంది. కుళాయి లోహం నుంచి కూడా నికెల్ దిగవచ్చు కాబట్టి, రాత్రంతా కుళాయిలో నిలిచిన నీటిని ఉదయం కాసేపు వదిలేసి పట్టుకోవడం మంచిది.

పొగతాగే అలవాటుకు, చేతుల ఎగ్జిమాకు మధ్య సంబంధం పలు అధ్యయనాల్లో కనిపించింది. నిద్రలేమి, మానసిక ఒత్తిడి కూడా దురదను పెంచుతాయి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

తేనె రంగు పెచ్చులు, చీము, పెరుగుతున్న నొప్పి, జ్వరం, చేయి మీదుగా పాకే ఎర్రని చార కనిపిస్తే బ్యాక్టీరియా సోకిందని అర్థం. ఇంటి చిట్కాలు ఆపి వెంటనే వైద్యుని చూడాలి. సూదితో పొడిచినట్టుండే నొప్పి పుండ్లు గుంపుగా ఒక్కసారిగా వస్తే హెర్పిస్ వైరస్ సోకి ఉండవచ్చు, అదే రోజు చికిత్స అవసరం. ఇవేవీ లేకపోయినా నాలుగు నుంచి ఆరు వారాలు పైన చెప్పిన జాగ్రత్తలు నిలకడగా పాటించిన తరువాత మెరుగు లేకపోతే ప్యాచ్ పరీక్ష అడగాలి. అనుమానిత పదార్థాలను వీపుపై అంటించి రెండు రోజుల తరువాత తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఆ పరీక్షకు వెళ్లేటప్పుడు వాడుతున్న క్రీములు, సబ్బు, చేతి తొడుగులు, పనిలో తాకే పదార్థాల పేర్లు వెంట తీసుకువెళ్లడం మరవకూడదు. కాంతి చికిత్స, అలిట్రెటినాయిన్ మాత్రలు, 2024లో యూరప్‌లోను 2025లో అమెరికాలోను ఆమోదం పొందిన డెల్గోసిటినిబ్ క్రీము వంటి మార్గాలు స్టెరాయిడ్ పూతలు చాలని వారి కోసం ఉన్నాయి. అలిట్రెటినాయిన్ గర్భస్థ శిశువుకు తీవ్ర హాని చేస్తుంది కాబట్టి గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు ఆ మాట వైద్యునితో ముందే చెప్పాలి.