కొత్త సింథ్ కొన్నాక పాతది ఉంచాలా, అమ్మాలా?

కొత్త సింథసైజర్ (సింథ్, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు వాయిద్యం) ఇంటికొచ్చిన మొదటి రెండు వారాల్లో పాతదాని సంగతి తేల్చొద్దు. ఆ రోజుల్లో చెవి మీద నమ్మకం పెట్టుకోలేం. కొత్తదాని మెనూలు చేతికి ఇంకా అలవాటు కావు కాబట్టి పాతదే హాయిగా ఉందనిపిస్తుంది. లేదంటే కొత్త ప్రీసెట్ల (కంపెనీ ముందే నింపి ఇచ్చే శబ్దాల) మోజులో పాతది చప్పగా వినిపిస్తుంది. ఒక నెల రెండింటినీ పక్కపక్కనే ఉంచి, ఆ నెలలో కింది పనులు చెయ్యండి.

ముందు ప్యాచ్‌లు దాచుకోండి

ప్యాచ్ అంటే సింథ్‌లో దాచుకున్న ఒక శబ్దపు సెట్టింగు. ఉంచుకున్నా అమ్మేసినా ఈ పని తప్పదు. 1980ల, 90ల సింథ్‌లలో చాలావాటికి ప్యాచ్‌ల మెమరీని నిలబెట్టేది లోపలున్న ఒక 3 వోల్టుల లిథియం బ్యాటరీ. అది చచ్చిన రోజు మీరు చేసుకున్న శబ్దాలన్నీ పోతాయి. మిడి (వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే పద్ధతి) కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి సిస్ఎక్స్ డంప్, అంటే ప్యాచ్‌లన్నిటి నకలు ఒక ఫైలుగా, తీసుకోవాలి.

1983 నాటి యమహా డీఎక్స్7 సంగతే చూడండి. ఫంక్షన్ బటన్ నొక్కి, 8వ బటన్‌ను ఒక్కోసారి నొక్కుతూ పోతే ముందు మిడి ఛానల్, తర్వాత 'సిస్ ఇన్ఫో అన్‌అవైల్' అని వస్తుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. యెస్ నొక్కి దాన్ని 'అవైల్'గా మార్చితే తప్ప డంప్ బయటికి రాదు. మళ్లీ 8 నొక్కితే 'మిడి ట్రాన్స్‌మిట్?' అని అడుగుతుంది, యెస్ అనండి. 32 ప్యాచ్‌ల ఫైలు సరిగ్గా 4,104 బైట్లు ఉండాలి. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు కాబట్టి ఇదంతా వెళ్లడానికి సెకనున్నర కూడా పట్టదు. ఫైలు అంతకన్నా చిన్నగా వస్తే తప్పు సింథ్‌ది కాకపోవచ్చు. చవకరకం యూఎస్‌బీ మిడి కేబుళ్లు పొడుగు సిస్ఎక్స్ సందేశాలను మధ్యలో మింగేస్తాయి, కేబుల్ మార్చి చూడండి. ఫైలు డిస్క్‌లో ఉంది కదా అని వదిలెయ్యకుండా డెక్స్‌డ్ అనే ఉచిత ప్లగిన్‌లో తెరిచి, 32 పేర్లూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. తిరిగి సింథ్‌లోకి ఎక్కించేటప్పుడు మెమరీ ప్రొటెక్ట్ తియ్యడం మరవొద్దు.

పాతదాని ఆరోగ్యం

సెంటిమెంట్ సంగతి తర్వాత. ముందు దాన్ని అరగంట ఆన్‌లో ఉంచి, ఆ తర్వాత పరీక్షించండి. చల్లగా ఉన్నప్పుడు బాగా పలికి, వేడెక్కాక శ్రుతి తప్పే అనలాగ్ యంత్రాలు చాలా ఉన్నాయి.

కీలన్నీ ఒక్కొక్కటిగా, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. కొన్ని కీలు పలక్కపోయినా, మెల్లగా నొక్కినా దెబ్బ కొట్టినట్టు పలికినా, అది మామూలుగా కీల కింది రబ్బరు కాంటాక్టుల మురికే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో బోర్డు మీది నల్లటి గీతల్నీ రబ్బరు కింది భాగాన్నీ తుడవాలి. గట్టిగా రుద్దితే ఆ నల్ల పూత లేచిపోతుంది, అప్పుడు కొత్త స్ట్రిప్పు కొనక తప్పదు. స్లైడర్ల గరగర కూడా శుభ్రం చేస్తే తగ్గేదే.

కొన్ని మోడళ్లకు మాత్రం పుట్టుకతోనే వచ్చిన జబ్బులుంటాయి. రోలాండ్ జూనో-106 (1984) అందులో ప్రసిద్ధమైనది. దానికి ఆరు వాయిస్‌లు (ఒకేసారి ఆరు స్వరాలు పలకగలదు), ఒక్కో వాయిస్‌కు ఒక 80017ఏ చిప్. ఆ చిప్‌ల మీది రెసిన్ పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడై లోపల లీకేజీ మొదలవుతుంది. పట్టుకోవడం తేలిక. పాలీ 1 మోడ్‌లో పెట్టి ఒకే స్వరాన్ని ఆరుసార్లు విడివిడిగా నొక్కండి. ప్రతి నొక్కుకూ తర్వాతి వాయిస్ పలుకుతుంది. ఐదుసార్లు శుభ్రంగా పలికి ఆరోసారి పటపటమన్నా, సన్నగిల్లినా, కీ వదిలాక కూడా మోగుతూనే ఉన్నా ఒక చిప్ పోతున్నట్టే. తెలిసినవాళ్లు చిప్‌ను ఊడదీసి అసిటోన్‌లో నానబెట్టి ఆ పూత తీసేస్తారు. కొన్ని కోలుకుంటాయి, కొన్ని కోలుకోవు. వాటికి బదులుగా వేసే కొత్త చిప్‌లు దొరుకుతున్నాయి.

కోర్గ్ పాలీసిక్స్ (1981) జబ్బు ఇంకా చెడ్డది. మామూలు లిథియం బ్యాటరీ కాకుండా ఛార్జ్ అయ్యే నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది, అది కారి బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. ఈ యంత్రం మీ దగ్గరుంటే నెల గడువు మాట పక్కనపెట్టి ఇవాళే మూత తీసి చూడండి. ఆకుపచ్చ తుప్పు కనిపిస్తే బ్యాటరీ తీసేసి, కారినచోట పలచటి వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో కడిగించాలి. రోలాండ్ జేడీ-800 (1991) కీల లోపల బరువుల్ని అతికించిన ఎర్ర జిగురు కాలక్రమంలో కరిగి కిందికి కారుతుంది. కీలు అతుక్కున్నట్టు కదిలితే కారణం అదే.

బ్యాటరీ సంగతి: మల్టీమీటర్‌లో 2.8 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే మార్చెయ్యండి. పాత బ్యాటరీ టంకం వేసి ఉంటే కొత్తదాన్ని నేరుగా టంకం వెయ్యొద్దు. వేడికి నాణెం బ్యాటరీ పగలొచ్చు. హోల్డర్ వేయిస్తే తర్వాతిసారి వేలితో తీసి మార్చుకోవచ్చు. మూత తీసేముందు ప్లగ్ పీకి కాసేపు ఆగండి, పవర్ సప్లై కెపాసిటర్లలో ఛార్జి మిగిలి ఉంటుంది.

ఈ పరీక్ష అయ్యాక మరమ్మతుకు ఎంతవుతుందో రాతపూర్వకంగా అడగండి. మరమ్మతు ఖర్చు, పనిచేసే స్థితిలో వచ్చే అమ్మకం ధర, చెడిపోయినట్టే అమ్మితే వచ్చే ధర, ఈ మూడూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి.

చెవికి పరీక్ష

కొత్తది పాతదాని పని చేస్తుందా అని స్పెసిఫికేషన్లు చూసి తేల్చడం కుదరదు. పాతదాంట్లో మీరు నిజంగా వాడే ప్యాచ్‌లు ఎన్నో లెక్కపెట్టండి. చాలామందికి పది దాటవు. ఆ ప్యాచ్‌లకు దగ్గరగా కొత్తదాంట్లో తయారుచెయ్యండి. తర్వాత ఎనిమిది బార్ల ఒకే మిడి ట్రాక్‌ను రెండింటికీ పంపి రికార్డు చెయ్యండి. రెండింట్లోనూ రెవెర్బ్, డిలే, కోరస్ తీసెయ్యాలి. కొత్త ప్రీసెట్ల వైభవంలో సగం ఆ ఎఫెక్టులదే. (జూనో కోరస్ మాత్రం దాని గొంతులో భాగమే, దాన్ని ఒకసారి ఉంచీ ఒకసారి తీసీ రికార్డు చెయ్యండి.)

ఇక లెవెల్స్. ఒక డెసిబెల్ ఎక్కువున్నదే బాగుందని చెవి చెబుతుంది. మీటర్ చూసి అర డెసిబెల్ తేడాలోపు సరిచెయ్యండి. ఫైళ్ల పేర్లు ఇంకొకరితో మార్పించి, మర్నాడు మీ పాటలో మిగతా వాయిద్యాల మధ్య వినండి. విడిగా విన్నప్పుడు ఆకాశమంత తేడా అనిపించింది మిక్స్‌లో పడ్డాక మాయమైపోవడం మామూలే.

ఎఫ్ఎం సింథ్‌ల (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని మార్చి శబ్దం చేసే డీఎక్స్7 లాంటివాటి) దగ్గర ఒక మెలిక ఉంది. డీఎక్స్7 సొంత కీబోర్డు వెలాసిటీ (కీ ఎంత గట్టిగా నొక్కారో చెప్పే అంకె) మిడి గరిష్ఠమైన 127 దాకా వెళ్లదు. దాని ప్యాచ్‌లలో వెలాసిటీ పెరిగితే మాడ్యులేటర్ల (వేరే తరంగాన్ని మార్చే తరంగాల) స్థాయి పెరిగి శబ్దం కరుకెక్కుతుంది. కొత్త కీబోర్డుతో అవే ప్యాచ్‌లు వాయిస్తే గాజు పగిలినట్టు వినిపించడానికి కారణం తరచూ ఇదే. మీ సీక్వెన్సర్‌లో (మిడి ట్రాక్‌ను పంపే సాఫ్ట్‌వేర్‌లో) వెలాసిటీ గరిష్ఠాన్ని 100 దగ్గరికి కుదించి మళ్లీ పోల్చండి. ఆ తర్వాత కూడా తేడా మిగిలితే అది తొలి మోడల్ 12 బిట్ల డీఏసీ (అంకెల్ని శబ్ద సంకేతంగా మార్చే భాగం) ఇచ్చే సన్నటి గరుకుదనం కావచ్చు. అది మీకు కావాల్సిన రుచో, వద్దనుకునే మురికో మీరే చెప్పాలి. ప్యాచ్‌ల బదిలీ కూడా చూసుకోండి: ఆరు ఆపరేటర్ల (ఎఫ్ఎం తరంగాలు పుట్టించే భాగాల) డీఎక్స్7 ప్యాచ్ నాలుగు ఆపరేటర్ల యమహా రీఫేస్ డీఎక్స్‌లో పట్టదు. ఎనిమిది ఆపరేటర్లున్న మాంటేజ్, మోడీఎక్స్‌లకు మాత్రం యమహా కన్వర్టర్ ఇచ్చింది.

చేతికి కూడా ఒక పరీక్ష పెట్టాలి. ఖాళీ ప్యాచ్ నుంచి మొదలుపెట్టి రెండు నిమిషాల్లో ఒక బాస్ శబ్దం చెయ్యండి, రెండింట్లోనూ. ప్రతి పనికీ ఒక స్లైడర్ ఉన్న పాత అనలాగ్ ఇక్కడ తరచూ గెలుస్తుంది. శబ్దంలో ఓడినా దీనికోసమే ఉంచుకోవడం సబబైన కారణమే. డీఎక్స్7 ఈ పరీక్షలో గెలవదు.

తేల్చడం

ఏ పేరూ చూడకుండా విన్నప్పుడు పాతదే కావాలనిపించిన ప్యాచ్‌లు మూడైనా ఉంటే, మరమ్మతు ఖర్చు అమ్మకం ధరలో మూడో వంతు దాటకపోతే, ఉంచుకోండి. 'ఎప్పటికైనా పనికొస్తుంది' అన్నది లెక్కలోకి రాదు. అటకెక్కించడం అన్నిటికన్నా నష్టం: బ్యాటరీ కారుతుంది, కాంటాక్టులు ఆక్సీకరణ చెందుతాయి, నడవని యంత్రానికి ధర పడిపోతుంది.

ఉంచుకుంటే పాతదాన్ని కొత్తదాని కీబోర్డుతోనే వాయించండి. పాతదాన్ని ఛానల్ 2లో పెట్టి, కొత్తదాని మిడి అవుట్‌ను దానికి కలపండి. ఉల్టాగా కలపాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి, తొలి డీఎక్స్7 తన స్వరాల్ని ఛానల్ 1లోనే పంపుతుంది. రెండూ కలిపాక హమ్ (గుయ్‌మనే రొద) మొదలైతే ముందు రెండింటినీ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టండి, అప్పటికీ తగ్గకపోతే ఆడియో దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సింథ్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె) వెయ్యండి. పవర్ కేబుల్ ఎర్త్ పిన్ను మాత్రం పీకెయ్యొద్దు.

అమ్మితే, నడుస్తుండగానే అమ్మండి. కంపెనీ ప్యాచ్‌లు తిరిగి ఎక్కించి, ప్రతి కీ, ప్రతి స్లైడర్, ప్రతి వాయిస్ పలికే వీడియో ఒకటి తియ్యండి. ఉన్న లోపం ఉన్నట్టు రాయండి, చెప్పని లోపం పార్సెల్‌తో సహా వెనక్కొస్తుంది. డీఎక్స్7 లాంటిది 14 కిలోల పైచిలుకు బరువు, మీటరు పొడవు. పెట్టెలో పెట్టెగా, చుట్టూ అయిదు సెంటీమీటర్ల గట్టి ఫోమ్‌తో ప్యాక్ చెయ్యాలి. కీల మీద మాత్రం బరువు పడకూడదు. పవర్ అడాప్టర్ విడిగా ఉంటే దాన్ని వేరే చిన్న పెట్టెలో పెట్టి అతికించండి. వదులుగా పడేస్తే దారిలో అదే కీలను పగలగొడుతుంది.