డాన్స్ స్టూడియో నడుపుతూ మార్కెటింగ్‌కి సమయం ఎలా సర్దుకోవాలి?

డాన్స్ స్టూడియోకి ఫోన్లు ఎక్కువగా వచ్చేది సాయంత్రాలే. టీచర్ క్లాసులో మునిగి ఉండేదీ అప్పుడే. దాంతో మార్కెటింగ్ అంతా ఒక బ్యాచ్ వెళ్లి ఇంకో బ్యాచ్ వచ్చేలోపు ఫోన్ తీసి హడావిడిగా ఏదో ఒకటి పోస్ట్ చేయడంగా మిగిలిపోతుంది. రోజంతా ఫోన్‌తోనే గడిచినట్టు ఉంటుంది, కొత్త అడ్మిషన్లు మాత్రం కనిపించవు. మన గురించి ఇప్పటికే అడిగినవాళ్లకి మొదటి చోటు, ఇంకా మనమెవరో తెలియనివాళ్లకి రెండో చోటు ఇస్తే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. కింది పనుల వరస అలాగే పెట్టాను.

1. ఏ బ్యాచ్ ఖాళీగా ఉందో చూడండి

పోస్టర్ చేయబోయే ముందు టైమ్‌టేబుల్ తీయండి. చిన్నపిల్లల బ్యాచ్ నిండిపోయి, పెద్దవాళ్ల ఉదయం బ్యాచ్‌లో సగం చోటు మిగిలి ఉంటే, ఈ నెల మీరు పెట్టే సమయమంతా ఆ ఉదయం బ్యాచ్ కోసమే. నిండిన బ్యాచ్ గురించి వీడియోలు పెట్టి, అడిగినవాళ్లకి చోటు లేదని చెప్పడం ఇద్దరికీ నష్టం. అక్కడ వెయిటింగ్ లిస్ట్ ఒకటి రాసుకుంటే చాలు. అడ్మిషన్ ఫారంలో ‘మా గురించి ఎలా తెలిసింది?’ అనే ప్రశ్న కూడా చేర్చండి. కొన్ని నెలల జవాబులు ఒకచోట పెట్టి చూస్తే ఏ పని మానేయొచ్చో మీకే తెలుస్తుంది.

2. ఎంక్వైరీలకు వేళ పెట్టుకోండి

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. డాన్స్ నేర్చుకోవాలనే కోరిక పుట్టినప్పుడు మనిషి రెండుమూడు చోట్ల అడుగుతాడు. వాటిలో ముందుగా, మర్యాదగా జవాబిచ్చిన చోటికే వెళ్లడం సహజం. అలాగని క్లాసు మధ్యలో ఫోన్ తీయడం ఎదురుగా నిలబడ్డ విద్యార్థులకి అన్యాయం. మొదటి బ్యాచ్‌కి అరగంట ముందు ఒకసారి, చివరి బ్యాచ్ అయ్యాక ఒకసారి ఎంక్వైరీలు చూడండి. మధ్యలో వచ్చేవాటిని వాట్సాప్ బిజినెస్ యాప్‌కి అప్పగించండి. ‘ప్రస్తుతం క్లాసులో ఉన్నాం, రాత్రికి తప్పకుండా జవాబిస్తాం’ అనే మెసేజ్ దానంతటదే వెళ్లేలా పెట్టుకోవచ్చు. మాట ఇచ్చాక ఆ రాత్రే జవాబు వెళ్లాలి సుమా.

ఫీజు, టైమింగ్స్, వయసు, మొదటి రోజు ఎలాంటి బట్టలు వేసుకుని రావాలి, ట్రయల్ క్లాస్ ఎప్పుడు - అందరూ అడిగేవి ఇవే. వీటి జవాబులు ఒక్కసారి తీరిగ్గా రాసి, అదే యాప్‌లో క్విక్ రిప్లైలుగా దాచుకోండి. పంపేటప్పుడు మాత్రం చివర మీ సొంత మాట ఒకటి కలపండి: ‘పాప ఇంతకుముందు ఎక్కడైనా నేర్చుకుందా?’ ఫీజు ఎంతని అడిగే తల్లిదండ్రుల్లో చాలామంది మనసులో ఇంకో ప్రశ్న ఉంటుంది: మా పిల్ల సిగ్గరి, అందరిలో కలుస్తుందా? ఆ మాట మీరే ముందుగా ఎత్తితే వాళ్లకి ఎంత ఊరటో! రెడీమేడ్ మెసేజ్‌తో మిగిలిన సమయాన్ని ఇలాంటి మాటలకి వాడండి.

ప్రతి చాట్‌కీ లేబుల్ తగిలించండి: కొత్త ఎంక్వైరీ, ట్రయల్ బుక్ అయింది, ట్రయల్‌కి వచ్చారు, చేరారు. ట్రయల్‌కి వచ్చి వెళ్లినవాళ్లకి మర్నాడు ఒక ఫోన్ చేయాలి. ‘నిన్న మీవాడు లయ బాగా పట్టుకున్నాడు’ అని మీరు నిజంగా గమనించింది చెప్పండి. రీల్ మీద పెట్టే గంటల కంటే ఈ ఐదు నిమిషాలు ఎక్కువ పని చేస్తాయని గట్టిగా నమ్ముతాను.

3. గూగుల్ మ్యాప్స్‌లో మీ వివరాలు సరిచేయండి

ఇది ఒక్క పూట పని. టైమింగ్స్, ఫోన్ నంబర్, స్టూడియో లోపలి ఫొటోలు, ఏయే నృత్యాలు నేర్పుతారు - అన్నీ సరిగ్గా ఉండాలి. తర్వాత నెలకోసారి చూస్తే సరిపోతుంది. విద్యార్థుల ప్రదర్శన అయిన వారంలో తల్లిదండ్రులని రివ్యూ రాయమని అడగండి, అప్పుడు చెప్పడానికి వాళ్ల దగ్గర బోలెడు ఉంటుంది. రివ్యూకి బదులుగా ఫీజులో తగ్గింపు మాత్రం ఇవ్వకండి, గూగుల్ నిబంధనలు అందుకు ఒప్పుకోవు.

4. వీడియోలన్నీ ఒకే రోజు తీయండి

రోజూ ఏం పోస్ట్ చేయాలా అని ఆలోచించడానికే సగం సమయం పోతుంది. వారంలో ఒక రోజు ఎంచుకుని, క్లాసు చివరి పది నిమిషాలు మాత్రమే షూటింగ్‌కి ఇవ్వండి. ఫోన్‌ని ట్రైపాడ్ మీద నిలువుగా పెట్టండి. అద్దంలో ట్రైపాడ్ కనబడకుండా కాస్త పక్కకి జరపండి. కిటికీ డాన్సర్ల వెనక ఉంటే మనుషులు నల్లగా పడతారు, వెలుతురు వాళ్ల ముందు నుంచి రావాలి.

ప్రదర్శన వీడియోలు ఎలాగూ అందరూ పెడతారు. వాటికంటే నేర్పే తీరు చూపించేవే చేరాలనుకునేవాళ్లకి ధైర్యాన్నిస్తాయి. ఒక అడుగు తప్పు పడటం, టీచర్ సరిచేయడం, మళ్లీ వేయడం - ఇంత చాలు. పిల్లలు కనిపించే వీడియోకి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి అడ్మిషన్ రోజే తీసుకోండి. కాదన్నవాళ్ల పిల్లల్ని ఫ్రేమ్‌లోకి రానివ్వకండి.

తీసినవన్నీ ఒక మధ్యాహ్నం కూర్చుని కత్తిరించి, మెటా బిజినెస్ సూట్‌లో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు ఏ వేళకి వెళ్లాలో ముందే పెట్టుకునే టూల్) వారానికి సరిపడా షెడ్యూల్ చేయండి, అది ఉచితమే. పాట విషయంలో జాగ్రత్త. ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ అకౌంట్లకి అన్ని పాటలూ దొరకవు. దొరికే పాట ఏదో ముందే చూసుకుని డాన్స్ తీస్తే మళ్లీ షూట్ చేసే బాధ తప్పుతుంది.

5. రాబోయే నెలలు క్యాలెండర్‌లో రాసుకోండి

బడి తెరిచే రోజులు, సెలవులు, పరీక్షలు, మీ వార్షిక ప్రదర్శన. కొత్త బ్యాచ్ మొదలవడానికి ఆరు వారాల ముందు నుంచి ప్రచారం ఉండేలా గుర్తు పెట్టుకోండి. ప్రదర్శనకి ముందు రిహార్సల్స్ నెలలో మార్కెటింగ్‌కి ఖాళీ ఉండదు. ఆ నెల పోస్టులు అంతకుముందే సిద్ధం చేసి ఉంచండి.

6. నెలాఖరున మూడు అంకెలు చూడండి

ఎంతమంది అడిగారు, ఎంతమంది ట్రయల్‌కి వచ్చారు, ఎంతమంది చేరారు. లేబుల్స్ సరిగ్గా పెట్టి ఉంటే ఇది పది నిమిషాల పని. అడిగినవాళ్లు చాలామంది ఉండి ట్రయల్‌కి కొద్దిమందే వస్తే, మీ జవాబులు ఆలస్యమవుతున్నాయేమో, ట్రయల్ వేళలు కుదరట్లేదేమో చూడండి. ట్రయల్‌కి వచ్చి చేరకపోతే, ఆ మర్నాటి ఫోన్లు వెళ్తున్నాయా అని ఆరా తీయండి, ట్రయల్ క్లాసునీ ఇంకోసారి పరిశీలించండి. అడిగేవాళ్లే తక్కువగా ఉంటే అప్పుడు వీడియోలకీ ప్రకటనలకీ వచ్చే నెల ఇంకో గంట కలపండి.