చేతి అచ్చు పండగ కార్డును ఎలా చూడాలి?

పండక్కి ఎవరైనా లినోలియం (లినో అనే మెత్తటి షీటు) చెక్కి, సిరా పూసి సొంతంగా అచ్చు వేసిన కార్డు పంపితే, మనవాళ్లు "భలే ఉంది" అని ఫోన్లో ఫొటో తీసి టీవీ పక్కన పెట్టేస్తారు. చూసిన ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పది నిమిషాలు కూర్చుని చూడండి.

కావలసినవి భూతద్దం, కిటికీ వెలుగు. ట్యూబులైటు పనికిరాదు. పక్కనుంచి పడే పొద్దుటి వెలుగే కావాలి.

ముందు గీత. లినోలో చెక్కిన చోట కాగితం తెల్లగా ఉండిపోతుంది, చెక్కని చోటే సిరా అంటుతుంది. తెల్ల గీత ఉలి ఒక్క తోపుతో వస్తుంది. నల్ల గీత కావాలంటే రెండు పక్కలా చెక్కాలి. ఖాళీ జాగాలో పడ్డ చిన్న చిన్న గాట్లను మరకలనుకోకండి, అవి ఉలి నడిచిన దారి.

తర్వాత రంగు. పలచటి సిరాలైతే పసుపు మీద నీలం ఎక్కిన చోట ఆకుపచ్చ కనిపిస్తుంది. రంగుల మధ్య వెంట్రుకంత తెల్ల సందు ఉంటే రెండో అచ్చు కాస్త జరిగిందన్నమాట. కొందరు రంగుతోనే మొదలుపెట్టమంటారు. నేనొప్పుకోను. రంగు కన్ను లాగేశాక గీత కనపడదు.

ఇప్పుడు అసలు చిక్కు: బొమ్మలో ఏం ఒగ్గేశారు? అందరూ బోల్తా పడేది ఇక్కడే. "ఇదేం బొమ్మ?" అని అడగ్గానే చూపు ఆగిపోతుంది. ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. కార్డు తలకిందులు చేసి, ఆకారాలు మాత్రమే చూడండి.

బొమ్మలో లేనివాటిలో లినో ఒప్పుకోనందుకు పోయినవి కొన్ని, చెయ్యి కావాలని ఒగ్గేసినవి కొన్ని. మరీ సన్నగా చెక్కబోతే లినో అంచు విరుగుతుంది. కాబట్టి ముందు కార్డు మొత్తంలో అన్నిటికన్నా సన్నని గీత ఎక్కడుందో వెతకండి. అది దొరికేదాకా ఏ తీర్పూ ఇవ్వకండి. అంత సన్నగా చెక్కగలిగిన చెయ్యి ముఖం చెక్కలేదంటే, వద్దనుకునే చెక్కలేదు.

విజయనగరంలో ఓ పిల్లల పోటీలో ఒకమ్మాయి సంక్రాంతి కార్డు తెచ్చింది. గంగిరెద్దంటే ఒక్క మూపురం వంపు, కింద నల్లటి ముద్ద, అంతే. "కళ్లు మర్చిపోయింది" అని పక్కన పడేశారు. మెడలో మువ్వలు మాత్రం ఆవగింజంత, ఒక్కోటీ విడివిడిగా ఉన్నాయి! మువ్వ చెక్కిన పిల్లకి కన్ను చెక్కడం రాదా? ఆ కార్డులో ఎద్దు కనపడటం కంటే వినపడటం ముఖ్యం. నాకిప్పటికీ బాధే.

ఈ చూపు అలవడాలంటే సీతంపేట ఏజెన్సీ వైపు సవర గిరిజనుల గోడబొమ్మలు చూడండి. ఎర్రమట్టి మీద బియ్యప్పిండి తెలుపు, ఒళ్లంటే త్రికోణం, ముఖంలో కళ్లూ ముక్కూ ఉండవు. కానీ చేతులూ కాళ్లూ ఎటు వంగాయో చూస్తే ఎవరు ఆడుతున్నారో, ఎవరు మోస్తున్నారో తెలిసిపోతుంది. చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో లినో మీద చెక్కిన గాంధీ బొమ్మలోనూ చేతికర్ర, ముందుకేసిన అడుగు చాలు, నడక తెలియడానికి.

చివరగా, కింద పెన్సిల్‌తో 3/20 అని ఉంటే ఇరవై కాపీల్లో అది మూడోది. నూనె సిరా ఆరడానికి రోజులు పడుతుంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, అంటుకుపోతుంది.