వినుడు నేర్చుకుందాం – 4వ పాఠం: రెండు పేజీల నడుమ బాణం

ఈ పాఠంలో బేస్ గిటార్‌ను మిగతా చప్పుళ్ల నడుమ ఎట్ల పట్టుకోవాలో చెప్పేది ఉండె. అది వచ్చేసారికి జరిపిన. పోయినసారి ఇచ్చిన పని మీద అయిన లొల్లి ముందు తేలాలె.

ఏం ఇచ్చిన? మీకు పాణం అయిన సంగీతకారుని పాట ఒక్కటి తీసుకోండి, ఎడమ పేజీలో చెవికి వినపడ్డది రాయండి, కుడి పేజీలో ఆ మనిషి గురించి తెలిసింది రాయండి అన్న. మీరు పంపిన ఫోటోలు చూస్తే ఎడమ పేజీలన్నీ ఖాళీ, కుడి పేజీలు నిండి పొర్లినయి. సుబేదారి తమ్ముడొకడు ఒక హత్య కేసును నోటుబుక్కు అట్ట మీది దాకా రాసిండు. ఎడమ పక్క ఒకటే ముక్క: "సూపర్". కాజీపేట చెల్లె ఇంటర్నెట్ల వెతికి మనసు విరిగి, ఫోన్‌లకెల్లి పాటలన్నీ తీసేసి, "అన్నా, ఇగ ఎవరిని వినాలె?" అని అడిగింది. ఇంకొకరు తీర్పే ఇచ్చిన్రు: "కళాకారులంటే గట్లనే ఉంటరు."

టైమ్ ఎట్ల వేసుకోవాలె, ఒక్కో వినుడుకు ఒక్క వాయిద్యాన్నే ఎట్ల వెంబడించాలె అన్నవి మళ్లీ చెప్ప. పాత పాఠాలు ఉన్నయి, చూసుకోండి.

ముందుగాల కుడి పేజీ సంగతి. అక్కడ కథ వద్దు. ఏం చేసిండు, ఏ సంవత్సరం, ఎవరికి దెబ్బ తగిలింది, కోర్టు ఏమన్నది. ఇంతే. ఆరోపణ అయితే ఆరోపణ అని రాయండి. మన సినిమా పాటలోళ్ల గురించి హాస్టల్ మెస్సులో విన్నవి అసలే రాయకండి, ఎవరు చూసొచ్చిన్రు? ఎవరికి దెబ్బ తగిలింది అన్నది మాత్రం ఎగ్గొట్టొద్దు. మీలో సగం మంది పాత హిందీ సినిమా గాయకుడు సైగల్‌ను హంతకుల వరుసలో నిలబెట్టింది ఈ ముక్క రాయక. సైగల్ తాగుడు మనిషే, 1947లో 42 ఏండ్లకే పోయిండు. ఆ తాగుడు ముందుగాల తిన్నది ఆయన పాణాన్నే. దాన్నీ, ఇంకొకరి పాణం తీసుడునూ ఒకే సిరాతో రాస్తే ఎట్ల?

ఇప్పుడు సుబేదారి తమ్ముని హత్య కేసు. అది ఫిల్ స్పెక్టర్‌ది. అమెరికాలో 1960లలో పెద్ద పేరున్న రికార్డు నిర్మాత. 2003లో ఆయన ఇంట్లోనే లానా క్లార్క్‌సన్ అనే నటి తుపాకీ తూటాకు చచ్చిపోయింది. 2009లో కోర్టు ఆయన్ను దోషి అన్నది, 2021లో ఖైదులో ఉండంగనే పోయిండు. తమ్ముడు ఇదంతా సరిగ్గనే రాసిండు, తప్పు పట్టేదేం లేదు. కానీ పాట ఏది? స్పెక్టర్ తయారుచేసిన 1963 నాటి పాట 'బీ మై బేబీ' మీద వాని ఎడమ పేజీ నేను నింపి చూపిస్త.

0:00, అంటే పాట మొదలు. ఒక్క డ్రమ్మే. ధుమ్, ధుధుమ్, ఛక్. మామూలు రాక్ పాటలో, నాలుగు దెబ్బల లెక్కలో, స్నేర్ అనే ఛక్‌మనే డ్రమ్ము రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ పడ్తది. ఇక్కడ రెండో దెబ్బ ఖాళీ, నాలుగోదానికే ఛక్. ఆ ఖాళీని మన చెవే నింపుకుంటది, అందుకే కాలు ఆగదు. తర్వాత పియానోలు, గిటార్లు, చెక్క చిడతల లెక్క కాస్టనెట్లు, అన్నీ ఒకేసారి మీద పడ్తయి, దేనికదిగా విడదీయలేం. ఒకే రూములో బోలెడంత మంది ఒకే వరుసను వాయిస్తే, దాన్ని చప్పుడు మారుమోగే ఎకో గదిలకెల్లి తీసుకొచ్చిన్రు. వాటన్నిటినీ చీల్చుకొని ఒక ఆడపిల్ల గొంతు వస్తది.

ఇక్కడ ఆగండి. ఆ డ్రమ్ము కొట్టింది స్పెక్టర్ కాదు, హాల్ బ్లేన్. ఆ గొంతు రోనెట్స్ అనే ఆడపిల్లల బృందంలోని రోనీది. ఆమె తర్వాత 1968లో స్పెక్టర్‌ను పెండ్లి చేసుకొని, ఆయన ఇంట్లోనే బందీ లెక్క బతికి, 1972లో బయటపడ్డది. తన జీవితకథలో తనే రాసుకున్నది. పాటల పైసల కోసం రోనెట్స్ కోర్టుకు ఎక్కాల్సి వచ్చింది కూడా. ఇప్పుడు స్పెక్టర్ మీద కోపంతో ఈ పాట తీసేస్తే ఎవరి గొంతు తీసేసినట్టు? అందుకే ఎడమ పేజీ కింద ఒక కొత్త వరుస పెట్టుకోండి: ఈ చప్పుడులో ఇంకా ఎవరెవరు ఉన్నరు. కాజీపేట చెల్లెకు నా జవాబు కూడా ఇదే, ముందు ఆ వరుస నింపి, తర్వాత తీసేసుడో ఉంచుడో చూసుకో.

"కళాకారులంటే గట్లనే" అన్నోళ్లకు కూడా ఆ వరుసే చాలు. అదే స్టూడియోలో అదే పాటకు వాయించిన హాల్ బ్లేన్ మనిషిని చంపలే.

ఇగ నాకు కడుపు మండే సంగతి. చాలామంది రెండు పేజీల నడుమ బాణం గుర్తు గీసిన్రు. కుడి పేజీలో నేరం, అక్కడికెల్లి ఎడమ పేజీలోని చప్పుడుకు బాణం. "లోపల పాపం కాలుస్తుంటే స్వరాలు ఇట్ల మెలికలు తిరిగినయి" అని రాసుడు. చదవడానికి మస్తుంటది, వినడానికి మాత్రం పనికిరాదు. దీని మీద కొంచెం ఎక్కువ సేపు కూసుందాం.

ఈ బాణం ఎక్కువ పడేది కార్లో జెసువాల్దో మీద. ఇటలీ దొర, వెనోసా రాకుమారుడు. 1590 అక్టోబరులో నేపుల్స్‌లో తన మనుషులను వెంటబెట్టుకపోయి భార్య మారియా దవాలోస్‌నూ ఆమె ప్రియుణ్నీ చంపిండు. పెద్దింటోడు కాబట్టి శిక్ష పడలే. ఆయన కట్టిన మాడ్రిగల్స్, అంటే ఐదు గొంతులు వాయిద్యం లేకుండా పాడేవి, వింటే శ్రుతి తప్పిందేమో అనిపిస్తది. తప్పదు. 'మోరో, లాస్సో' మొదలు వినండి: గొంతులు మెల్లగా కిందికి జారుతుంటయి, రెండో కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగుడు) పడంగనే పునాదే మారిపోతది. ఇది విని, కుడి పేజీ చూసి, బాణం గీసేస్తరు.

గీసే ముందు తారీఖులు చూడండి. 'మోరో, లాస్సో' ఉన్న ఆరో పుస్తకం అచ్చయింది 1611లో. హత్య జరిగిన నాడు పుట్టిన పిల్లగాడు మీసాలొచ్చి డిగ్రీ పరీక్షలు రాసేంత కాలం అది. అచ్చుకు ముందే కట్టి పెట్టుకున్నడు అనుకుందాం. మరి 1594లో, అంటే హత్యకు నాలుగేండ్ల తర్వాత అచ్చయిన మొదటి పుస్తకాలు వినండి. అవి చాలా వరకు అప్పటి రివాజు ప్రకారమే నడుస్తయి. పాపం అప్పుడు కాలలేదా?

తారీఖుల తర్వాత పక్కింటోళ్లను చూడాలె. 1594లోనే ఆయన రెండో పెండ్లి కోసం ఇటలీలోనే ఫెర్రారా అనే ఊరికి పోయిండు. అక్కడి ఆస్థానంలో లుజ్జాస్కో లుజ్జాస్కీ అనే సంగీతకారుడు ఉన్నడు, జెసువాల్దోకు ఆయనంటే మస్తు గౌరవం. ఈ మెలికల స్వరాలు లుజ్జాస్కీ దగ్గరా ఉన్నయి. వాళ్లకంటే ముందు నికోలా విచెంటీనో అనే ఇంకో సంగీతకారుడు ఉన్నడు. మామూలు మెట్ల నడుమ ఇంకా మెట్లు ఇరికించిన కీబోర్డు చేయించి, 1555లో దాని మీద పుస్తకమే రాసిండు. వీళ్లెవ్వరి చేతికీ నెత్తురు లేదు. అంటే ఆ చప్పుడు ఆ ఊరి గాలిలోనే ఉంది, జెసువాల్దో దాన్ని అందరికంటే దూరం లాక్కపోయిండు. ఆ లాక్కపోవుడు ఆయన పనితనం. దాన్ని ఎడమ పేజీలోనే రాయండి.

మాటలు కూడా చూసిన్రా? 'మోరో, లాస్సో'లో "చచ్చిపోతున్న" అని ఉందని అది నేరం ఒప్పుకున్నట్టు అనుకున్నరు. అప్పటి ఇటలీ ప్రేమ కవితల్లో ప్రతి ఒక్కడూ చచ్చిపోతనే ఉంటడు, ప్రియురాలు కన్నెత్తి చూస్తే బతుకుతడు. ఆ లెక్కన కవులందరినీ పట్టుకపోవాలె.

బాణం ఇంకో దిక్కు కూడా గీస్తరు, అది ఇంకా పాడు. పాట బాగుంది కాబట్టి కుడి పేజీలోది కొంచెం కొట్టేసుడు. ఇంగ్లాండ్ గిటార్ వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ 1974లో నల్లజాతి జమైకా గాయకుడు బాబ్ మార్లే పాట పాడి అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి పోయిండు. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ స్టేజీ మీద తాగి, వలసొచ్చినోళ్లను వెళ్లగొట్టాలె అని జాతి ద్వేషం కక్కిండు. దాని మీద మండిపడి లేచిందే ఇంగ్లాండ్‌లో 'రాక్ అగెయిన్‌స్ట్ రేసిజం' ఉద్యమం. ఒక అక్క దీనికి ఎదురుగా "కానీ సోలో మాత్రం..." అని, అంటే ఆయన ఒక్కని గిటార్ వాయింపును మెచ్చుకుంట రాసింది. అక్కా, సోలో ఎడమ పేజీది. ఆ "కానీ" కొట్టెయ్.

మరి వినాలెనా, వద్దా? అది మీ ఇష్టం, నా పద్ధతి చెప్త. బతికున్నోళ్లయి, కోర్టులో నేరం తేలితే నేను వినుడు బంద్. అమెరికా గాయకుడు ఆర్. కెల్లీకి 2022లో 30 ఏండ్ల జైలు పడ్డది, ఆయన పాట నా ఫోన్‌లో ఒక్కటి లేదు. పోయినోళ్లవి వింట. జర్మనీ సంగీతకారుడు వాగ్నర్‌వి కూడా వింట, యూదుల మీద 1850లో మారుపేరుతో, 1869లో సొంత పేరుతో ఆయన విషం అచ్చేసిండని తెలిసే వింట. కానీ నేను హన్మకొండలో రూములో కూసొని వినుడు వేరు. 2001లో ఆర్కెస్ట్రా నడిపే డేనియల్ బారెన్‌బోయిమ్, యూదులుండే జెరూసలెంలో వాగ్నర్ సంగీతం వాయించే ముందు, వాయించాలెనా వద్దా అని సభను అడిగిండు. అరగంట వాదన నడిచింది, కొందరు తలుపులు ధడేలుమనిపించి లేచిపోయిన్రు, మిగిలినోళ్లకు వాయించిండు. దెబ్బ తగిలినోళ్లు ఎదురుగా ఉన్నప్పుడు అడుగుడే పద్ధతి అని నాకనిపిస్తది. బ్లూటూత్ స్పీకర్‌తో రూమంతా మోగించే మన హాస్టలోళ్లు కూడా జర ఆలోచించండి.

ఇంకోటి, పెన్సిల్‌తోనే రాయండి. ఫోన్ నోట్స్‌లో రాస్తే చేయి అటే వెతుకులాటకు పోతది, ఎడమ పేజీ మళ్లీ ఖాళీ.

ఈసారి పని కొంచెం బరువు. కుడి పేజీ లేని సంగీతం వినాలె. మీ వాడకట్టులో పెండ్లి బరాతో, బోనాలో, ఇంకేదైనా ఊరేగింపో ఉంటే డప్పులోళ్లు మంట ఏసేటప్పటికే పోయి నిలబడండి. డప్పు కాగకముందు ఒక దెబ్బ కొట్టమనండి, కాగినంక ఒక దెబ్బ. తేడా రాయండి: ఏది ఎత్తులో ఉంది, ఏది ఎక్కువ సేపు మోగింది. తర్వాత సిర్ర (లావు పుల్ల) దెబ్బ ఎక్కడ పడ్తుంది, సిటికెన పుల్ల (సన్న పుల్ల) ఎక్కడ పడ్తుంది, రెంటినీ వేరు వేరు వరుసల్లో గీయండి. బరాతు వీధి చివరికి పోయేదాకా వెంట నడవండి, డప్పు చల్లారుతుంటే చప్పుడు దిగేది ఏ మలుపు దగ్గరో గుర్తు పెట్టుకోండి. చివరికి వాయించినాయన పేరు అడిగి ఎడమ పేజీ కింది వరుసలో రాయండి. ఫోన్‌లో రికార్డు చేసుకొని ఇంటికాడ రాస్తనంటే ఒప్పుకోను.

ఫోటో పంపేటప్పుడు ఈసారి రెండు పేజీలూ పడేటట్టు తీయండి. బాణం కనపడితే తిప్పి పంపుత.