వెనక డిస్కులు వేశాక హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదా? ముందు కేబులు వదులు చేయండి

ఎంజీబీ వంటి పాత స్పోర్ట్స్ కార్లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. ఆ డ్రమ్ములు తీసి డిస్కులు వేసి, వేరే కారు క్యాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగాలు) బిగిస్తే కాలి బ్రేకు చాలామందికి బాగానే కుదురుతుంది. తిప్పలన్నీ హ్యాండ్‌బ్రేకుతోనే. కాజీపేట రైల్వే వంతెన ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బండి వెనక్కి జారుతుంది, మరునాడు షెడ్డుకు వస్తుంది. అప్పటికే ఎవరో ఒకరు కేబులు నట్టును మర చివరిదాకా బిగించి ఉంటారు. దయచేసి ఆ నట్టు జోలికి ముందే వెళ్లకండి.

జాకీ ఎక్కించడం, ప్యాడ్లు మార్చడం, బ్రేకు ఆయిలు పోసి గాలి తీయడం తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను. ప్యాడును డిస్కు మీదికి తోసే పిస్టనును నొక్కే హ్యాండ్‌బ్రేకు లివరు క్యాలిపరులోనే ఉండే రకం గురించే చెబుతున్నాను. డిస్కు మధ్యలో చిన్న డ్రమ్ము, దానిలో షూలు ఉండే రకానికి సర్దుబాటు వేరు. ఇక హ్యాండ్‌బ్రేకే తీసేసి గేరులో పెట్టుకుంటామనేవారికి ఒక్క మాట: 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 96వ నియమం ప్రకారం కారుకు కాలి బ్రేకుతో పాటు పార్కింగ్ బ్రేకు కూడా ఉండి తీరాలి.

పెడలు మెత్తగా ఉంది, ఎంత గాలి తీసినా గట్టిపడటం లేదు

క్యాలిపరు మీద గాలి తీసే నిపిల్ పైకి ఉందా, కిందికి ఉందా? ముందు అది చూడండి. కిందికి ఉంటే ఎడమ క్యాలిపరు కుడివైపు, కుడిది ఎడమవైపు బిగించారన్నమాట. గాలి పైకే చేరుతుంది కనుక ఎన్ని సీసాల ఆయిలు పోసినా అది బయటకు రాదు. రెండూ విప్పి అటుదిటు మార్చండి. అర నిమిషంలో కంటితో తేలే ఈ సంగతిని వదిలేసి మాస్టర్ సిలిండరు (పెడలు నొక్కితే ఆయిలును గొట్టాల్లోకి తోసేది) కొత్తది కొన్నవారున్నారు.

హ్యాండ్‌బ్రేకు పట్టదు, లేదా కొద్ది రోజులు పట్టి మళ్లీ వదులవుతుంది

చాలా బండ్లలో కారణం ఒకటే: కేబులు వదులుగా ఉండటం కాదు, మరీ బిగుతుగా ఉండటం. నమ్మడానికి కష్టంగా ఉంటుంది. అందుకే దీన్ని పట్టుకోవడానికి అంత కాలం పడుతుంది.

క్యాలిపరు వెనక, కేబులు తగిలించే చోట ఒక చిన్న లివరు ఉంటుంది. పిస్టను లోపల ఒక మర, దాని మీద ఒక నట్టు ఉంటాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ నట్టు మర మీద కొంచెం కొంచెంగా ముందుకు తిరిగి, పెరిగిన ఖాళీని పూడుస్తుంది. చాలా రకాల క్యాలిపర్లలో ఇది సరిగా జరగాలంటే, హ్యాండ్‌బ్రేకు వదిలినప్పుడు చిన్న లివరు పూర్తిగా వెనక్కి వచ్చి తన స్టాపరుకు ఆనాలి. కేబులు బిగుతుగా ఉంటే అది రాదు. సగం లాగినట్టే నిలబడిపోతుంది. లోపలి సర్దుబాటు ఆగిపోతుంది, ప్యాడుకూ డిస్కుకూ మధ్య ఖాళీ పెరుగుతుంది, లివరుకు మిగిలిన కొద్దిపాటి దూరం ఆ ఖాళీ దాటడానికే సరిపోతుంది. హ్యాండ్‌బ్రేకు వదులైందనుకుని మనిషి కేబులు నట్టును ఇంకో రెండు చుట్లు బిగిస్తాడు. ఉన్న రోగం ముదురుతుంది. కొన్నాళ్లకు కాలి పెడలు కూడా లోతుకు దిగడం మొదలవుతుంది.

సరిచేసే పద్ధతి ఇది. ముందువైపు చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండ్లను వెనక యాక్సిల్ గొట్టాల కిందే పెట్టండి, బాడీ కింద వద్దు. బాడీని లేపితే యాక్సిల్ వేలాడి కేబులు దారి పొడవు మారిపోతుంది. అప్పుడు చేసిన సర్దుబాటు బండి నేల మీదికి దిగగానే తప్పుతుంది. ఇంత శ్రమ పడినవారు కూడా ఇక్కడే దెబ్బ తింటున్నారు.

కేబులును రెండు క్యాలిపర్ల దగ్గరా పూర్తిగా ఊడదీయండి. చిన్న లివరును వేలితో ముందుకు తోసి వదలండి. టక్కున వెనక్కి వచ్చి స్టాపరుకు కొట్టుకోవాలి. బద్ధకంగా వస్తే ఆ లివరు తిరిగే ఇరుసు తుప్పు పట్టింది, లేదా స్ప్రింగు నీరసించింది. పాత కారు నుంచి తీసిన క్యాలిపర్లలో ఇది మామూలే. దాన్ని బాగుచేయించకుండా ముందుకు వెళ్లి లాభం లేదు.

చక్రం తీసి ప్యాడు వెనక ఉన్న చిన్న బొడిపె పిస్టను గాడిలో కూర్చుందో లేదో చూడండి. కూర్చోకపోతే పిస్టనే తిరుగుతుంది, సర్దుబాటు జరగదు. పిస్టనును లోపలికి పంపాలంటే తిప్పుతూ పంపాలి. సీ క్లాంపు పెట్టి నొక్కితే లోపలి మర పాడవుతుంది.

ఇప్పుడు కేబులు తగిలించకుండానే, ఇంజను ఆపి, పెడలును మామూలు బలంతో ముప్పై నలభై సార్లు నొక్కి వదలండి. ఖాళీ పూడి పెడలు పైకి వస్తుంది. అప్పుడే కేబులు తగిలించి, వేలాడుతున్న వదులు మాత్రం పోయేదాకా నట్టు తిప్పండి. తర్వాత రెండువైపులా లివరుకూ స్టాపరుకూ మధ్య కాగితం ముక్క దూర్చి చూడండి. దూరితే ఎక్కువ బిగించినట్టే, వెనక్కి తిప్పండి. చేతి లివరు నాలుగైదు పళ్లకు గట్టిగా నిలవాలి.

ఇంత చేసినా చేతి లివరు చాలా పైకి వస్తుంటే, కేబులు పై తొడుగును క్యాలిపరు దగ్గర పట్టి ఉంచే పట్టీని చూడండి. ఒకరు లివరు లాగుతుంటే ఇంకొకరు కింద నుంచి గమనించాలి. పలుచటి రేకుతో చేసిన పట్టీ విల్లులా వంగుతుంది. మనం లాగిన దూరమంతా ఆ వంపులోనే పోతుంది. మందపాటి ఇనుప పట్టీ వేయించండి. పూర్తిగా లాగినప్పుడు కేబులు, చిన్న లివరు దాదాపు లంబకోణంలో ఉండేలా చూసుకోండి. ఆ కోణం తప్పితే బలం తగ్గుతుంది.

వెనక డిస్కులు కాలిపోతున్నాయి

కేబులు బిగుతు లేదని తేలితే మాస్టర్ సిలిండరు చూడండి. డ్రమ్ముల కోసం చేసిన కొన్నిటిలో, గొట్టంలో కొంత ఒత్తిడి ఎప్పుడూ నిలిచేలా ఒక వాల్వు ఉంటుంది. డ్రమ్ముకు అది మేలు. డిస్కుకు అయితే ప్యాడు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. ఆ వాల్వు తీయించాలి. కరీంనగర్ గ్రానైటు క్వారీల దారుల్లో తిరిగే బండ్లకు క్యాలిపరు జారే పిన్నుల్లో దుమ్ము చేరి కూడా ఇలాగే అవుతుంది.

గట్టిగా బ్రేకు వేస్తే వెనక భాగం పక్కకు తిరుగుతోంది

వెనక చక్రాలు ముందువాటి కంటే ముందే బిగుసుకుంటున్నాయి. ప్రాణాలకు ముప్పు, వాన రోజుల్లో మరీ. వెనక లైనులో ఒత్తిడి తగ్గించే వాల్వు వేసి, ఖాళీ స్థలంలో పరీక్షించే దాకా ఆ బండిని రోడ్డెక్కించకండి.

మిగతావి అరుదు. యాక్సిల్ సీలు కారి ప్యాడ్లకు గేరు ఆయిలు అంటుకుంటే వాసనతోనే తెలుస్తుంది. సీలు, ప్యాడ్లు రెండూ మార్చాలి. కేబులు లోపల తెగడం, డిస్కు వంకరపోవడం వంటివి పైవన్నీ చూశాకే ఆలోచించండి.

అన్నీ సరిగా ఉన్న బండి కూడా ఒక సందర్భంలో జారవచ్చు. మే ఎండలో ములుగు దాకా తోలుకు వచ్చి, డిస్కులు వేడిగా ఉండగానే వాలులో ఆపి హ్యాండ్‌బ్రేకు వేస్తే, అవి చల్లారి ముడుచుకునేసరికి పట్టు కొంత సడలుతుంది. అలాంటి చోట లివరును ఇంకో పన్ను పైకి లాగి, గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డు పెట్టి దిగండి.