కుక్క వెనక భాగం నేలకేసి రాస్తోందా? ముందు మలం చూడండి

మా పాలమూరులో ఇళ్లలో పెంచే చిన్న కుక్కలంటే ఎక్కువగా పొమేరియన్లే. మాదీ అదే. ఓ పొద్దున షాబాద్ బండల మీద కూర్చుని, వెనక భాగాన్ని గోడదాకా ఈడ్చుకుంటూ పోయింది. "కడుపులో పురుగులున్నయ్, మందు వెయ్యి" అంది అమ్మ. వేశాం, తగ్గలేదు. తోక ఎత్తి చూస్తే కుళ్లిన చేపల కంపు గుప్పుమంది.

సమస్య: రాసుకోవడం, అదేపనిగా నాకడం, చేపల వాసన

మలద్వారానికి రెండు పక్కలా, గడియారంలో 4, 8 అంకెలుండే చోట, చిన్న సంచులుంటాయి. మలం గట్టిగా వస్తే ఆ ఒత్తిడికే వాటిలోని ద్రవం బయటికి పోతుంది. పలచగా వస్తే లోపలే పేరుకుని చిక్కబడుతుంది. బాగా ఒళ్లు చేసిన కుక్కలకు, చర్మం అలర్జీ ఉన్నవాటికి కూడా ఈ బాధ ఎక్కువ.

మా ఇంట్లో కారణం పాలన్నం. ముద్దుకొద్దీ రెండు పూటలా పెట్టేవాళ్లం, మలం ఎప్పుడూ పేస్టులాగే ఉండేది. డాక్టర్ గ్లవ్ వేసుకుని, దూది అడ్డం పెట్టి మెల్లగా నొక్కితే గోధుమ రంగు చిక్కటి ద్రవం వచ్చింది. ఆ తర్వాత పాలు మాన్పించాం. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన గుమ్మడికాయ రోజూ ఒక చెంచా తిండిలో కలిపాం. మలం గట్టిపడింది, రాసుకోవడం ఆగింది.

తోక కింద బియ్యం గింజల్లాంటివి కనిపిస్తే మాత్రం అది బద్దెపురుగు. దాని మందు వేరు. బొచ్చులో గెంతే చిన్న పురుగుల వల్లే ఎక్కువగా వస్తుంది కాబట్టి వాటినీ వదిలించాలి.

సమస్య: ఒక పక్క వాపు, ఎరుపు, చీము, రక్తం

సంచిలో ఇన్ఫెక్షన్ చేరింది. మీరు నొక్కకండి, లోపలే పగిలే ప్రమాదం ఉంది. పసుపు అద్ది ఊరుకోవద్దు. అదే రోజు పశువుల దవాఖానకు తీసుకుపోండి. శుభ్రం చేసి యాంటీబయాటిక్ ఇస్తారు. నొప్పికి మన ఇంట్లోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ అస్సలు వేయకండి, కుక్కలకు అవి ప్రాణాంతకం కావచ్చు.

సమస్య: మళ్లీ మళ్లీ నిండడం

స్నానం చేయించిన ప్రతిసారీ నొక్కించే అలవాటుంటే మానేయండి. అవసరం లేకుండా నొక్కితే సంచి వాచి ఇంకా మూసుకుపోతుంది. బరువు, అలర్జీ సంగతి డాక్టర్‌తో తేల్చుకోండి. ముసలి కుక్కకు అక్కడ గట్టి గడ్డ తగిలితే ఆలస్యం చేయొద్దు, కణితి కావచ్చు.

వెళ్లేటప్పుడు ఆ పూట మలం ఫొటో ఒకటి తీసుకుపోండి. మా డాక్టర్ మొదట అడిగింది అదే.