కారుకు భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు: ఎవరు దరఖాస్తు చేయాలి, ఎలా ఇస్తారు?

ఏటా ఆటోమొబైల్ జర్నలిస్టుల జ్యూరీ కొత్తగా వచ్చిన కార్లలోంచి ఒకదాన్ని ఇండియన్ కార్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంపిక చేస్తుంది. 2023లో ఆ గౌరవం మన పెనుకొండ ఫ్యాక్టరీలో తయారయ్యే కియా కారెన్స్‌కు దక్కింది. అది నిపుణులు నడిపి చూసి, మార్కులు వేసి ఇచ్చే అవార్డు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి హైవే ఎక్కేవాళ్ళు మాత్రం ఇంకో గుర్తింపు కూడా చూసుకోవాలి. అదే ప్రమాదంలో కారు లోపలివాళ్ళను ఎంతవరకు కాపాడుతుందో పరీక్షించి చెప్పే కేంద్ర ప్రభుత్వ భారత్ ఎన్‌క్యాప్ స్టార్ రేటింగ్. 2023 ఆగస్టు 22న ప్రారంభించి, అక్టోబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు.

"నా కారుకు స్టార్లు రావాలంటే ఎక్కడ అప్లై చేయాలి?" అని కొందరు అడుగుతుంటారు. కొనేవాళ్ళు చేయాల్సింది ఏమీ లేదు. దరఖాస్తు చేయాల్సింది కారు తయారుచేసే కంపెనీ, లేదంటే దిగుమతి చేసుకునే సంస్థ. అది కూడా తప్పనిసరి కాదు, వాళ్ళ ఇష్టం. ఈ ఒక్క విషయం తెలిస్తే షోరూమ్‌లో మన ప్రశ్నలే మారిపోతాయి.

డ్రైవర్ కాక ఎనిమిది మందికి మించని సీట్లతో, మొత్తం బరువు 3.5 టన్నుల లోపు ఉండే ప్రయాణికుల కార్లన్నీ అర్హమైనవే. పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ అనే తేడా లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126ఇ ప్రకారం కంపెనీ ఫారం 70-ఎ నింపి, ఇందుకోసం నిర్ణయించిన ఏజెన్సీకి పంపాలి. ఈ వ్యవహారమంతా పుణెలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ కేంద్రంగా నడుస్తోంది. విదేశాల్లో ఇలాంటి పరీక్షకు సుమారు 2.5 కోట్ల రూపాయలు అవుతుంటే, ఇక్కడ 60 లక్షల దాకా అవుతుందని ప్రారంభం రోజు మంత్రి నితిన్ గడ్కరీ చెప్పారు.

ఫారం అందాక ఏజెన్సీ వాళ్ళే కారును ఎంపిక చేస్తారు. కంపెనీ ప్రత్యేకంగా తయారుచేసి పంపిన బండికి పరీక్ష పెట్టరు. పైగా తీసుకునేది బేస్ వేరియంట్‌ను. టాప్ ఎండ్‌లో మాత్రమే ఇచ్చే ఎయిర్‌బ్యాగులు ఇక్కడ లెక్కలోకి రావు. తక్కువ ధరలో కొనుక్కునేవాడి ప్రాణానికీ అదే విలువ కాబట్టి, ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే.

తర్వాత ఏఐఎస్-197 ప్రమాణం ప్రకారం క్రాష్ టెస్టులు. ముందు సీట్లలో పెద్దవాళ్ళ డమ్మీలు, వెనక మూడేళ్ళ పిల్లాడి, ఏడాదిన్నర పాప సైజు డమ్మీలు కూర్చుంటాయి. కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా అడ్డుకట్టకు గుద్దిస్తారు. ఎదురుగా వచ్చే బండిని తప్పించబోయి సగం తగలడం మన రోడ్ల మీద చూసేదే కదా! ఇలాంటి పరీక్షల్లో డమ్మీ ముఖానికి, మోకాళ్ళకు రంగు పూసి ఉంచుతారు. గుద్దాక ఆ రంగు ఎయిర్‌బ్యాగ్ మీద పడిందా, డాష్‌బోర్డు మీద పడిందా అని చూస్తే శరీరం ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది. ఇంకో పరీక్షలో 50 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి ఢీకొట్టిస్తారు. మూడు, అంతకంటే ఎక్కువ స్టార్లు కావాలంటే 29 కిలోమీటర్ల వేగంతో కారు పక్క భాగాన్ని స్తంభానికి తగిలించే పరీక్ష కూడా దాటాలి. బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ, ముందు సీట్లకు బెల్టు గుర్తుచేసే అలారం ఉండాలి. పాదచారుల రక్షణ నిబంధనలూ పాటించాలి.

మార్కులు రెండు రకాలు. పెద్దల భద్రతకు 32, పిల్లల భద్రతకు 49. ఐదు స్టార్లు రావాలంటే పెద్దల్లో కనీసం 27, పిల్లల్లో కనీసం 41 తెచ్చుకోవాలి. పిల్లల 49లో క్రాష్ టెస్టుకు 24 మాత్రమే. చైల్డ్ సీటు ఎంత సరిగ్గా బిగుసుకుంటుందన్న దానికి 12, కారులో అందుకు ఉన్న ఏర్పాట్లకు 13. అంటే ఐదు స్టార్ల కారు కొని, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే ఆ మార్కులు పాపకు పనికిరావు. దయచేసి చైల్డ్ సీటు కూడా కొనండి.

ఫలితాలు ముందు కంపెనీకి చూపిస్తారు. ఆమోదం పూర్తయ్యాక సర్టిఫికెట్ ఇచ్చి, వెబ్‌సైట్‌లో పెడతారు. మొదటి ఫలితాలు 2023 డిసెంబర్‌లో వచ్చాయి. టాటా సఫారీ, హ్యారియర్ రెండూ పెద్దల్లో 30.08, పిల్లల్లో 44.54తో ఐదు స్టార్లు సాధించాయి. పెనుకొండలోనే తయారయ్యే కియా సైరోస్ 2025లో 30.21, 44.42 మార్కులతో అదే స్థాయికి చేరింది.

రేటింగ్ వచ్చిన కారుకు అంటించే స్టిక్కర్ మీద కంపెనీ లోగో, మోడల్ పేరు, పరీక్ష జరిగిన తేదీ, పెద్దలకు ఎన్ని, పిల్లలకు ఎన్ని స్టార్లో విడివిడిగా, పక్కన క్యూఆర్ కోడ్ ఉంటాయి. మా బావకు కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక షోరూమ్‌లో "ఫైవ్ స్టార్ సార్" అన్నారు. ఏ పరీక్షలో అని అడిగితే జవాబు రాలేదు. ఇంటికొచ్చి వెతికితే అది గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే విదేశీ సంస్థ ఇచ్చిన పాత రేటింగ్ అని తేలింది. ఆ సంస్థ 2014 నుంచి మన కార్లను పరీక్షించి ఎంతో మేలు చేసింది. అయితే 2022లో దాని నిబంధనలు కఠినమయ్యాయి. అంతకుముందు వచ్చిన స్టార్లను ఇప్పటి స్టార్లతో పోల్చకూడదు. అందుకే తేదీ చూడండి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, మీరు కొనే మోడల్ అదేనా కాదా చూసుకోండి.

వెబ్‌సైట్‌లో మీ కారు పేరు కనబడకపోతే టెన్షన్ పడొద్దు. ఫెయిల్ అయిందని కాదు, ఇంకా రేటింగ్ రాలేదని అర్థం. బుకింగ్ డబ్బు కట్టే ముందు మాత్రం "ఫారం 70-ఎ వేశారా?" అని డీలర్‌ను అడగండి. ఆయనకు తెలియకపోతే అదే ప్రశ్న కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి.